ఇంటిపేరుగా మారిన సోమవారం: క్రాబ్ కావ్యంలో పారిష్ రిజిస్టరు

జార్జ్ క్రాబ్ 1807లో వెలువరించిన 'ది పారిష్ రిజిస్టర్' కావ్యంలో ఒక గ్రామ మతాచార్యుడు గడచిన ఏడాది నమోదులను తిరగేస్తూ బాప్తిస్మాలు, వివాహాలు, ఖననాలు అనే మూడు భాగాలుగా ఊరి కథ చెబుతాడు. క్రాబ్ స్వయంగా మతాచార్యుడే. వంశచరిత్ర పరిశోధకులు ఇందులో ప్రత్యేకించి చదువవలసినది రిచర్డ్ మండే ఉదంతం. తల్లిదండ్రులెవరో తెలియని శిశువొకడు పారిష్‌కు దొరుకుతాడు. ఊరిపెద్దలు సమావేశమై, శిశువు దొరికిన సోమవారాన్నే అతనికి ఇంటిపేరుగా నిర్ణయిస్తారు. పెరిగి పెద్దవాడై ఊరు విడిచిన అతడు ధనికుడై, సర్ రిచర్డ్ మండేగా మరణిస్తాడు. అతని సంతతివారెవరైనా మూలపురుషుని వెదుకుతూ వెళితే చివరకు దొరికేది ఒక వారం పేరు! రిజిస్టరు వంశాన్ని నమోదు చేస్తున్నదా, సృష్టిస్తున్నదా అన్న ప్రశ్న ఈ హాస్యంలోనే ఉన్నది.

1538లో థామస్ క్రామ్‌వెల్ ఆదేశంతో మొదలైన ఈ రిజిస్టర్లు చర్చిలో జరిగిన క్రతువులను నమోదు చేస్తాయి. ఊరు విడిచినవారి జాడ వాటికి పట్టదు. నాటింగ్‌హామ్‌షైర్‌లోని క్లేవర్త్‌లో రెక్టర్ 1676లోనూ, 1688లోనూ గ్రామస్థుల జాబితాలు రాశాడు. పీటర్ లాస్లెట్, జాన్ హారిసన్ 1963లో ప్రచురించిన అధ్యయనంలో వాటిని పోల్చారు. తొలి జాబితాలోని 401 మందిలో 244 మంది రెండవదానిలో లేరు. వారిలో మరణించినవారికంటే వలస వెళ్ళినవారే అధికం. పూర్వికులు తరతరాలుగా ఒకే ఊరిలో ఉన్నారన్న నమ్మకంతో ఒకే రిజిస్టరును పట్టుకొని కూర్చుంటే వంశవృక్షం తప్పుదారి పడుతుంది.

క్రాబ్ కథకునికి మండే తరువాతి జీవితమూ తెలుసు. ఆ సమాచారం బాప్తిస్మపు నమోదులో ఉండదు. అది ఊరి జ్ఞాపకం. ఈ కావ్యాన్ని సామాజిక చరిత్రకు ఆధారంగా ఉటంకించేవారు ఏది రిజిస్టరు మాట, ఏది మతాచార్యుని మాట అన్నది ముందుగా వేరుచేసుకోవాలి.