ముద్ద దిగడం లేదంటే

బాబాయి చనిపోయిన ఏడాది మా పిన్ని "ముద్ద దిగడం లేదురా" అంది. ఆ మాటకు మన ఇళ్లలో ఉన్న అర్థం ఒక్కటే: బెంగ. మేమూ అదే అనుకుని ఓదార్చాం, తిరుపతి తీసుకెళ్లాం. వీధి చివరి డాక్టరు గ్యాస్ ట్రబుల్ అని మాత్రలు రాశాడు. అన్నంలో మజ్జిగ పలచగా కలుపుకుని, ముద్దకో గుక్క నీళ్లు తాగుతూ, భుజాలు వెనక్కి విరిచి మింగేది. పెళ్లి భోజనాలకు రావడం మానేసింది. రాత్రి పడుకుంటే తిన్నది దిండు మీదికి వచ్చేసేది. రెండేళ్లలో సగమైపోయింది.

చివరికి ఒక పెద్ద డాక్టరు అడిగాడు: "అమ్మా, నీళ్లు కూడా అడ్డుపడతాయా?"

"మొదట్నుంచీ అంతే బాబూ."

ముందు గట్టి పదార్థాలు, కొన్నాళ్లకు జావ, ఆ తర్వాత నీళ్లు ఆగుతూ వస్తే లోపల ఏదో పెరుగుతోందేమోనని చూడాలట. అన్నం, నీళ్లు మొదటి నుంచీ రెండూ ఆగుతుంటే కడుపు వాకిలి తలుపే తెరుచుకోవడం లేదేమోనని చూడాలట. ఎండోస్కోపీలో గడ్డ లేదని తేలింది. బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే అన్నవాహిక పైన సంచిలా సాగి, కింద పక్షి ముక్కులా సన్నబడి ఉంది. జబ్బు పేరు అకలేషియా. మింగినప్పుడు కడుపు వాకిట్లో కండరాన్ని సడలించే నరకణాలు నశిస్తాయి. కండరం బిగుసుకునే ఉంటుంది.

1674లోనే థామస్ విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుడు తిమింగలం నోట్లోని పీచు కమ్మికి స్పాంజి కట్టి, దానితో రోగి చేత తిండిని లోపలికి తోయించాడు. 1913లో జర్మన్ సర్జన్ హెల్లర్ పొట్ట కోసి ఆ కండరాన్ని చీల్చాడు. 2008లో జపాన్‌లో హరుహిరో ఇనోవే బయట గాటు లేకుండా, నోట్లోంచే ఆ పని చేశాడు. ఆ పద్ధతి పేరు పోయెమ్. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు వందల మందికి చేసి ఫలితాలు ప్రచురించారు.

పిన్నికి పోయెమ్ చేసిన డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాడు. నాకు చిన్నప్పుడు మా ఇంటికి వచ్చే దూదేకుల సాయిబు గుర్తొచ్చాడు. పరుపు ఒక చివర కుట్టు విప్పి, లోపలికి చెయ్యి పోనిచ్చి, ఉండకట్టిన దూది విడదీసి, మళ్లీ కుట్టేసేవాడు. పైగుడ్డ చిరిగేది కాదు. ఇక్కడా అంతే. నీలిరంగు కలిపిన సెలైన్ ఎక్కిస్తే లోపలి పొర బుడగలా లేస్తుంది. అక్కడ రెండు సెంటీమీటర్ల గాటు పెట్టి, పొరకూ కండరానికీ నడుమ సొరంగం చేసుకుంటూ కడుపు దాకా దిగుతారు. విద్యుత్ కత్తితో బిగిసిన కండరాన్ని కోసి, వెనక్కి వచ్చి గాటుకు క్లిప్పులు పెడతారు. గాటు పైన, కోత కింద. కోతను చిరగని పొర కప్పేస్తుంది. పనితనమంతా ఆ ఎడంలోనే ఉంది.

చచ్చిన నరాలు తిరిగి రావు. తలుపు తెరిచే ఉంటుంది కాబట్టి కొందరికి ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. పిన్ని కూడా మాత్ర వేసుకుంటుంది, తలవైపు ఎత్తు పెట్టుకుని పడుకుంటుంది. కానీ మొన్న మేనల్లుడి పెళ్లిలో పంక్తిలో కూర్చుని గారెలు తింది.

మీ ఇంట్లో ఎవరైనా ముద్ద దిగడం లేదంటే ఓదార్చండి. దాంతోపాటు నీళ్లు దిగుతున్నాయో లేదో అడిగి, డాక్టరుకు చూపించండి.