వేటగాడి కన్ను, బ్రేకు తీగ

మన ఎండలకు బొచ్చు కోటు ఎవరు తొడుగుతారు? అందుకే బొచ్చు కోసం ఉచ్చులు పన్ని బతకడమంటే మనకు కెనడా మంచూ, అక్కడి బీవర్లూ గుర్తొస్తాయి. బీవర్ బొచ్చు వ్యాపారం కోసం 1670లో పుట్టిన హడ్సన్స్ బే కంపెనీ చివరికి బట్టల దుకాణాల కంపెనీగా మిగిలి, 2025లో ఆ దుకాణాలూ మూసేసుకుంది. పత్రికల్లో ఆ వార్త చదివి, ఒక పాత కథ ముగిసిందనుకున్నాం. మన దేశంలో మాత్రం బొచ్చు కోసం ఉచ్చులో పడి చచ్చే జంతువు ఇంకా ఉంది. ముంగిస.

నేనుండే కర్ణాటక బొమ్మసంద్రలో ఫ్యాక్టరీలున్నాయి, పెద్ద ఆసుపత్రి ఉంది, 2025 ఆగస్టు నుంచి మెట్రో కూడా ఉంది. ఇక్కడ వేట ఊసేమిటి అనిపిస్తుంది. మొన్న పక్కింటి పిల్ల డ్రాయింగు క్లాసుకి బ్రష్ కావాలంటే కొట్టుకి వెళ్లాను. చిత్తూరు వైపు కుర్రాడు, తెలుగులోనే మాట్లాడాడు. "నైలాన్‌ది ముప్పై అన్నా. ఒరిజినల్ కావాలంటే లోపలుంది, రేటెక్కువ" అన్నాడు. ఒరిజినల్ అంటే ఏమిటంటే నవ్వి ఊరుకున్నాడు. తెచ్చి చూపించాడు. మొదట్లో ముదురు గోధుమ, నడుమ లేత చార, కొసన మళ్లీ ముదురు. నైలాన్‌కి రంగు వెయ్యొచ్చు గానీ ఒక్కో వెంట్రుక మీద ఆ చారలు రావు. నీళ్లలో ముంచితే మొన సూదిలా నిలబడుతుంది. ఆయిల్ పెయింటింగు వేసేవాళ్లు దాన్ని ఎందుకు కోరుకుంటారో అర్థమైంది. కిలో వెంట్రుకలకు దాదాపు 50 ముంగిసలు చావాలని లెక్క. ఉత్తరప్రదేశ్‌లోని షేర్‌కోట్ ఈ బ్రష్‌ల తయారీకి పేరుమోసిన ఊరు. 2019 అక్టోబరులో వన్యప్రాణి నేరాల నియంత్రణ బ్యూరో 'ఆపరేషన్ క్లీన్ ఆర్ట్' పేరుతో పలు రాష్ట్రాల్లో దాడులు చేసినప్పుడు అక్కడా సోదాలు జరిగాయి. ఈ వ్యాపారంలో డబ్బంతా బ్రష్ అమ్మేవాడిదే. ముంగిసను పట్టి ఇచ్చేవాడికి దక్కేది చిల్లర, పట్టుబడితే మాత్రం జైలు అతనికే ముందు.

ఆ పట్టి ఇచ్చేవాళ్లు ఎవరు? చాలాచోట్ల తరతరాలుగా వేట మీద బతికిన సంచార కులాలవాళ్లు. మన నక్కలోళ్ల పని గురించి ఎడ్గర్ థర్‌స్టన్ 1909లో అచ్చేసిన ఏడు సంపుటాల్లో రాశాడు. చీకట్లో వల పన్ని, దాని వెనక ఒకడు దాక్కుని నక్క కూత కూసేవాడు. నిజం నక్కలు బదులిచ్చుకుంటూ వచ్చి వలలో పడేవి. నక్కని నమ్మించేలా కూయాలంటే ఎన్ని రాత్రులు విని ఉండాలి! ఇక్కడ జిగణి మీదుగా పడమటికి అరగంట పోతే బన్నేరుఘట్ట అడవి. ఆ అంచున హక్కిపిక్కిల కాలనీ ఉంది. వాళ్లూ ఆ కోవకు చెందినవాళ్లే, ఇంట్లో మాట్లాడేది గుజరాతీకి దగ్గరైన వాగ్రి. ఒకప్పుడు పిట్టల వేట వాళ్ల జీవనం. పెంపుడు కౌజును పంజరంలో పెట్టి కూయిస్తే, తన హద్దులోకి ఎవడొచ్చాడా అని అడవి కౌజు పోట్లాటకు వచ్చేది. పంజరం చుట్టూ ఉచ్చులు. ఇప్పుడు చాలామంది మూలికలు, తలనూనెలు అమ్ముకుంటూ ఆఫ్రికా దాకా వెళుతున్నారు. 2023 ఏప్రిల్‌లో సూడాన్‌లో యుద్ధం మొదలైనప్పుడు అక్కడ చిక్కుకుపోయిన కన్నడిగుల్లో వందమందికి పైగా వీళ్లే.

ఇలా జంతువుల్ని పట్టే పనిని నేను కళ్లారా చూసింది నెల్లూరు జిల్లాలో, మా పొలంలో. వరి పండుతుండగా పందికొక్కులు దుబ్బులు కొరికి పడేసేవి. నాయన యానాదులకు కబురు పెట్టేవాడు. ఒక పెద్దాయన, ఆయన కొడుకూ కోడలూ వచ్చేవాళ్లు. వచ్చీ రాగానే గునపం దింపేవాళ్లు కాదు. పెద్దాయన గట్టు వెంట ఒంగి నడుస్తూ ఒక్కో బొక్క ముందు ఆగి, బయటికి తోసిన మన్నుని వేళ్లతో నలిపి చూసేవాడు. "ఈడ లేదబ్బయా, మన్ను ఆరిపోయింది. ఆ తుమ్మ మొదట్లో ఉంది చూడు, రాత్రి తోడింది" అనేవాడు. మిగతా బొక్కలన్నీ బురదతో మూసి, ఒక్కటి వదిలేవాడు. అడుగున చిన్న చిల్లి ఉన్న కుండలో ఎండుగడ్డి కుక్కి నిప్పంటించి, కుండ మూతిని బొక్కకి ఆనించి, చిల్లి దగ్గర నోరు పెట్టి ఊదేవాడు. కళ్లు నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా ఊదేవాడు. వదిలిన బొక్క దగ్గర కోడలు కూర్చుని ఉండేది. ఎలుక బయటికొచ్చిందని మాకు తెలిసే లోపల దాని మెడ ఆమె చేతిలో ఉండేది. తర్వాత బొక్క తవ్వితే లోపల అర మీద అర, దోసిళ్ల కొద్దీ కంకులు. ఆ వడ్లు వాళ్లవే. ఎలుకా వాళ్లదే, కూరకి.

ఆ కుండ ఊదడంలో పెదాలు కాలేవి, ఊపిరితిత్తులు పాడయ్యేవి. అది చూసే తమిళనాడు తిరువళ్లూరు జిల్లాలో ఇలాగే ఎలుకలు పట్టే ఇరుళ తెగవాళ్లకు చేత్తో తిప్పే ఉక్కు పొగగొట్టం తయారు చేసి ఇచ్చారు. 2003లో దానికి ప్రపంచ బ్యాంకు సాయం దొరికింది. ఈ తరహా ఆలోచన మనకు అరుదు. పనిని మాన్పించడం తెలుసు, పనిముట్టుని బాగుచేయడం తోచదు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట అనే మాటలో ఉచ్చు పన్నడాన్నీ, బోను పెట్టడాన్నీ చేర్చింది. సరైన పనే. కౌజులూ ముంగిసలూ ఎవరి సంతలోనూ సరుకు కాకూడదు. ఎలుకల్ని మాత్రం అప్పట్లో హానికర జీవుల జాబితాలో పెట్టింది కాబట్టి యానాది పని చట్టం లోపలే మిగిలింది. మిగతావాళ్ల పని నేరమైంది, వాళ్లకు తెలిసిన విద్యతో ఏం చేద్దామని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో ఇరుళలే చూపించారు. 1978లో మద్రాసు దగ్గర రోములస్ విటేకర్ చొరవతో ఇరుళల పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టారు. తోలు కోసం పాముని చంపినవాళ్లే ఇప్పుడు పట్టి, విషం పిండి, తిరిగి అడవిలో వదులుతున్నారు. పాముకాటు మందు తయారీకి ఆ విషమే ఆధారం. ఆ తెగవాళ్లే వడివేల్ గోపాల్, మాసి సడయ్యన్ 2017లో ఫ్లోరిడా వెళ్లి, అక్కడి వాళ్లకు దొరకని బర్మా కొండచిలువల్ని రెండు వారాలు తిరక్కుండానే 13 పట్టారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ. మన పొలంలో ఎలుకలు పట్టే యానాదికి మాత్రం ఇప్పటికీ రోజుకూలే, అదీ విషం గుళికలు చల్లడం కుదరనప్పుడు.

ఇక మా చుట్టుపక్కల ఇప్పుడు నడుస్తున్న ఉచ్చు సంగతి. రాగిహళ్లి వైపు ఒక చేను కంచె కింద చూశాను. మోటారు సైకిలు బ్రేకు తీగ, మోకాలెత్తున ఒక ముడి, రెండో కొస మోడుకి కట్టి ఉంది. "పందుల కోసం సార్" అన్నాడు చేను కాపు. పందుల వల్ల అతనికి జరిగే నష్టం అబద్ధం కాదు, రాగి చేను ఒక్క రాత్రిలో దున్నినట్టయిపోతుంది. కానీ ఆ తీగ పన్నడానికి మన్ను నలిపి చూడక్కర్లేదు, కూత నేర్చుకోనక్కర్లేదు. ఏ జంతువు ఏ వేళ ఏ దారిన పోతుందో తెలియక్కర్లేదు. పంది వచ్చినా బిగుస్తుంది, చిరుత వచ్చినా బిగుస్తుంది, పక్క వీధి కుక్క వచ్చినా బిగుస్తుంది. పన్నినవాడు మర్నాడు సాయంత్రం దాకా అటు తిరిగి చూడడు. చిరుత సాధారణంగా నడుము దగ్గర చిక్కుకుంటుంది, పెనుగులాడిన కొద్దీ తీగ లోపలికి దిగుతుంది. 2023 నవంబరులో ఇదే హోసూరు రోడ్డు పక్కన కూడ్లు దాకా వచ్చిన చిరుతని కాల్చి చంపినప్పుడు ఊరంతా బాధపడింది. తీగలో చచ్చేవి టీవీలో రావు. పాత వేటగాడి క్రూరత్వం మనకు మిగిలింది, అతని విద్య పోయింది.

ఈ వైపు పొలాల గట్ల మీద నడిచే అలవాటున్నవాళ్లు కంచెల కింద ఒక కన్నేసి ఉంచండి. తీగ ముడి కనిపిస్తే, అందులో జంతువు ఉంటే దగ్గరికి పోవద్దు, గుంపు చేరనివ్వద్దు. కర్ణాటక అటవీశాఖ సహాయవాణి నంబరు 1926. ఫోన్ చేసి చోటు చెప్పండి.