లెక్క తేలిన రాత్రి: తెర మీద రామదాసు, తానీషా

లక్ష్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• ఒకే కథకు వచ్చిన వేర్వేరు చలనచిత్ర రూపాలను ఏ ప్రాతిపదికన పోల్చాలో చెప్పగలుగుతారు.
• రామదాసు కథలో తానీషా పాత్రకున్న ప్రాధాన్యాన్ని వివరించగలుగుతారు.
• సినిమా చెప్పే కథను, చరిత్రను వేరు చేసి చూడగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

రామదాసు కథ మీకు కొత్త కాదు. పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న సర్కారు శిస్తు సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించాడు. గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా ఆయనను పన్నెండేళ్లు ఖైదులో ఉంచాడు. ఒక రాత్రి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ అనే పేర్లతో తానీషా దగ్గరికి వచ్చి, ఆరు లక్షల వరహాలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారు. ఆ తరువాత గోపన్న విడుదలయ్యాడు. ఇది జనశ్రుతిలో నిలిచిన కథ.

ఈ కథతో వచ్చిన రెండు చిత్రాలను ఇక్కడ పరిశీలిద్దాం. మొదటిది చిత్తూరు వి. నాగయ్య స్వయంగా నిర్మించి, దర్శకత్వం వహించి, నాయక పాత్ర ధరించిన 'రామదాసు' (1964). రెండవది కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో నాగార్జున నటించిన 'శ్రీరామదాసు' (2006). వీటిని పోల్చమంటే చాలామంది విద్యార్థులు ఎవరి నటన బాగుంది, ఎవరి పాటలు బాగున్నాయి అని రాసి ఆగిపోతారు. మనం మరో ప్రశ్నతో మొదలుపెడదాం: ఈ కథలో మనసు మారింది ఎవరిది?

2. ఇలాంటిదే మరో కథ

ఒక్క రాత్రిలో మనసు మారిన మనిషి కథ అనగానే ప్రపంచ సాహిత్యంలో గుర్తొచ్చేది చార్లెస్ డికెన్స్ 1843లో ప్రచురించిన 'ఎ క్రిస్మస్ కరోల్'. పిసినారి వ్యాపారి స్క్రూజ్ దగ్గరికి క్రిస్మస్ ముందు రాత్రి చనిపోయిన భాగస్వామి మార్లీ ప్రేతం వస్తుంది. దాని ఒంటికి చుట్టుకున్న గొలుసు నిండా డబ్బు పెట్టెలు, తాళాలు, ఖాతా పుస్తకాలు వేలాడుతుంటాయి. తరువాత మూడు ఆత్మలు వచ్చి స్క్రూజ్‌కు అతని గతాన్ని, వర్తమానాన్ని, రాబోయే కాలాన్ని చూపిస్తాయి. తెల్లారేసరికి అతను మారిపోతాడు. గుమాస్తా జీతం పెంచుతాడు.

ఈ కథకు ఎన్నో సినిమాలు వచ్చాయి. రెజినాల్డ్ ఓవెన్ నటించిన 1938 చిత్రం కుటుంబ ప్రేక్షకుల కోసం కథను మెత్తబరిచింది. 'అజ్ఞానం', 'లేమి' అనే ఇద్దరు దీనబాలల ఘట్టాన్ని వదిలేసింది. అలిస్టర్ సిమ్ నటించిన 1951 చిత్రం మూలంలో లేని గతాన్ని చేర్చింది. సోదరి చివరి ఘడియల్లో అడిగిన మాటను స్క్రూజ్ వినిపించుకోకుండా వెళ్లిపోయాడని చూపి, అతని కాఠిన్యానికి కారణం చెప్పింది. మొదటి చిత్రంలో స్క్రూజ్ తేలికగా మారాడనిపిస్తుంది. రెండవ దానిలో ఆ మార్పుకు ఎంత మూల్యం చెల్లించాడో తెలుస్తుంది. దీని నుంచి మనకు ఒక కొలమానం దొరుకుతుంది: మనిషి తప్పును, అతను తీర్చాల్సిన బాకీని సినిమా ఎంత నిజాయితీగా చూపితే, అతనిలో వచ్చే మార్పు అంత నమ్మదగినదిగా ఉంటుంది.

3. రామదాసు కథలో బాకీ

రామదాసు కథ కూడా లెక్కల కథే. శిస్తు, ఖజానా, వరహాలు, రసీదు అన్నీ ఇందులో ఉన్నాయి. రామదాసు తన కీర్తనల్లో ఒకచోట సీతమ్మకు, రాముడి తమ్ముళ్లకు చేయించిన నగలను పేరుపేరునా ఎత్తి, ఏ నగకు ఎంతైందో దేవుడికే లెక్క అప్పజెబుతాడు. నీ కోసం ఇంత పెట్టాను, నువ్వు పలకవేమని నిలదీస్తాడు. భక్తుడు దేవుణ్ని బాకీదారుగా చూడటమే ఆ కీర్తనలోని బలం.

అయితే డికెన్స్ కథకు, దీనికి ఒక ముఖ్యమైన తేడా ఉంది. స్క్రూజే అక్కడ నాయకుడు, మారేదీ అతనే. ఇక్కడ నాయకుడు గోపన్న. రాత్రి దర్శనం దొరికింది మాత్రం తానీషాకు. భక్తుడికి దక్కని దర్శనం బంధించినవాడికి దక్కింది. కాబట్టి తానీషాను వట్టి క్రూరుడిగా చూపిస్తే కథ మధ్యలోనే విరిగిపోతుంది.

మీరు ఈ చిత్రాలు చూసేటప్పుడు ఒక విషయం రాసుకోండి. సుల్తాను అనుమతి విషయాన్ని ఏ చిత్రం ఎలా చూపింది? ఇందుకు మూడు దారులున్నాయి. గోపన్న అనుమతి అడగకుండా ఖర్చు చేస్తే తప్పు ఆయనది, సుల్తాను కోపం న్యాయమైనది. అడిగినా మధ్యలో అధికారులు అడ్డుపడితే తప్పు వాళ్లది, సుల్తాను మోసపోయినవాడు. జనం విరాళాలతోనే గుడి కట్టాడంటే శిక్ష వట్టి అన్యాయం. మూడవ దారిలో నాయకుడు మచ్చలేనివాడవుతాడు. కానీ రాముడు వచ్చి తీర్చడానికి బాకీ అంటూ ఏదీ మిగలదు.

4. రెండు చిత్రాలు: పోలిక

1964 నాటికి నాగయ్యకు 60 ఏళ్లు. అప్పటికే ప్రేక్షకులు ఆయనను పోతనగా, త్యాగయ్యగా, వేమనగా చూశారు. అందువల్ల ఆయన తెర మీదికి వచ్చేటప్పటికే భక్తుడు. ఆ శాంతం, ఆ గాత్రం కీర్తనలకు నిండుదనం ఇస్తాయి. కానీ శిస్తు వసూలు చేసే తహసీల్దారును ఆ ముఖంలో వెతుక్కోవాలి. సాధువు వెనక ఉద్యోగి దాగిపోతాడు.

2006 చిత్రం దీనికి ఎదురు దారి పట్టింది. గోపన్న మొదట సంసారి. స్నేహ నటించిన కమలతో ఆయనకు యుగళగీతం కూడా ఉంది. లౌకికుడైన యువకుడు క్రమంగా దాసుడవుతాడు. అంటే ఈ చిత్రం మార్పును తానీషా నుంచి గోపన్న మీదికి జరిపింది. దీనివల్ల నేటి ప్రేక్షకుడికి నాయకుడు దగ్గరయ్యాడు. నష్టం కూడా ఉంది. సుమన్ ధరించిన దేవుడి పాత్రను రాత్రి ఘట్టానికి ముందే మనం చూసేస్తాం. అందుకే రామోజీ, లక్ష్మోజీ వచ్చినప్పుడు ఆశ్చర్యం నాజర్ పోషించిన తానీషాదే, మనది కాదు.

5. చరిత్ర, పాతబస్తీ

2006 చిత్రంలో అక్కినేని నాగేశ్వరరావు కబీరుగా కనిపిస్తారు. కబీరు గోపన్నకు ఉపదేశం చేశాడన్నది హరికథల్లోనూ ఉన్న మాటే. కాని కబీరు గోపన్న కంటే శతాబ్దానికి పైగా ముందువాడు. హిందూ ముస్లింల సామరస్యం కోసం కథ కాశీ నుంచి ఒక సాధువును తెచ్చుకుంది.

నిజానికి అంత దూరం వెళ్లనక్కర లేదు. తానీషా యౌవనంలో షా రాజు అనే సూఫీ గురువుకు శిష్యుడు. ఆయన దర్గా హైదరాబాదు పాతబస్తీలోని మిస్రీగంజ్‌లో ఉంది. తానీషా మంత్రులు అక్కన్న, మాదన్నల పేరుతో హరిబౌలిలో మహంకాళి ఆలయం ఉంది. గోపన్న వారికి మేనల్లుడని చెబుతారు. భద్రాచలం కల్యాణానికి ప్రభుత్వం ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషా కాలం నుంచి వస్తున్నదని ప్రతీతి. గోల్కొండ కోటలో రామదాసు చెరసాలను ఇప్పటికీ చూపిస్తారు. 1687లో ఔరంగజేబు గోల్కొండను గెలిచి తానీషాను దౌలతాబాదు కోటలో బంధించాడు. ఖైదు చేసినవాడు చివరికి తానే ఖైదీగా కన్నుమూశాడు.

ఇది ఎందుకు ముఖ్యం? చాలామందికి తానీషా సినిమా ద్వారానే తెలుసు. తెర మీద ఆయన కొరడా మాత్రమే గుర్తుండిపోతే, బ్రాహ్మణ మంత్రుల చేతిలో రాజ్యం పెట్టిన పాలకుడు మరుగున పడతాడు. ఆ కథను కలిసి మోస్తున్న నగరం కూడా మరుగున పడుతుంది.

6. సారాంశం

నాగయ్య చిత్రం భక్తిని నిలిపింది, రాఘవేంద్రరావు చిత్రం మనిషిని చూపింది. గోపన్న తప్పును, తానీషా న్యాయాన్ని రెండింటినీ దాచకుండా చూపగలిగిన చిత్రమే ఈ కథకు పూర్తి న్యాయం చేస్తుంది. రామదాసు స్వయంగా లెక్కలు దాచలేదు. ఆయన కథ తీసేవారూ దాచనక్కర లేదు.

మాదిరి ప్రశ్నలు

1. స్క్రూజ్, తానీషా పాత్రల మధ్య పోలికలను, తేడాలను వివరించండి.
2. రామదాసు కథలో కబీరుకు బదులు షా రాజు పాత్ర ఉంటే కథ ఎలా మారుతుందో చర్చించండి.
3. రెండు చిత్రాల్లో ఒకదానిని చూసి, సుల్తాను అనుమతి విషయాన్ని అది ఎలా చిత్రించిందో ఒక పుటలో రాయండి.