ఉయ్యాలో అన్న తరువాత

సంగీతంలో ప్రయోగం అనగానే మనవాళ్ళకు స్టూడియో, ఖరీదైన యంత్రాలు, పేరున్న సంగీత దర్శకుడు గుర్తుకొస్తారు. భివండీ వంటి సాంచాల ఊరికీ ఆ మాటకూ పొత్తు కుదరదనుకుంటారు. నేను చెప్పదలచుకున్నది వేరు. ఒక మకుటం ఇచ్చి, ఒక బాణీ ఇచ్చి, ఇక మీరు అల్లుకోండి అని జనాన్ని వదిలిపెట్టే ప్రయోగశాల మన పద్మనగర్, కామత్‌ఘర్ గల్లీల్లో ఏటా తొమ్మిది రోజులు నడుస్తూ వచ్చింది. దాని పేరు బతుకమ్మ. దాన్ని ఇప్పుడు మన చేతులతో మనమే మూసేస్తున్నామన్నది నా ఫిర్యాదు.

ముందు ఆ పాట ఎలా నడుస్తుందో చూద్దాం. బతుకమ్మను మధ్యలో పెట్టి ఆడవాళ్ళు చుట్టూ నిలబడతారు. ఒకామె పాట ఎత్తుకుంటుంది. ఆమె అనేది చిన్న పాదం. దాని చివర ‘ఉయ్యాలో’ అనో, ‘చందమామ’ అనో మకుటం వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్ళు కొన్ని వాడల్లో పాదమంతా, కొన్ని వాడల్లో మకుటం మాత్రమే తిరిగి అంటారు. వంగి చప్పట్టు, లేచి చప్పట్టు, పక్కకు ఒక అడుగు. బాణీ కొద్ది స్వరాల్లోనే తిరుగుతుంది. గొంతు అంతగా లేని ఆమె కూడా అందుకోగలిగిన మేరలోనే ఉంటుంది.

ఇందులో కళ ఎక్కడుందని అడిగేవారు ఒక సంగతి గమనించడం లేదు. వలయం తిరిగి అంటున్న ఆ రెండు మూడు క్షణాలు ఎత్తుకున్నామెకు ఖాళీ. ఆ ఖాళీలోనే ఆమె తరువాతి పాదం చూసుకోవాలి. తెలిసిన పాదం ఉంటే గుర్తు తెచ్చుకుంటుంది. గుర్తు రాకపోతే కట్టుకుంటుంది. జ్ఞాపకానికీ కల్పనకూ మధ్య అక్కడ గోడ లేదు. కాబట్టి ‘ఉయ్యాలో’ను వట్టి ఊతపదంగా కొట్టిపారేయడానికి వీల్లేదు. అది తరువాతి మాట కోసం సాటివాళ్ళు ఇచ్చే గడువు. ఆమె తడబడితే వాళ్ళు ఇంకోసారి అంటారు. అప్పటికీ రాకపోతే పక్కనున్నామె అందుకుంటుంది. పాట తెగదు.

కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాల నుంచి బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చిన చేనేత కుటుంబాలు ఈ పాటల్ని వెంట తెచ్చుకున్నాయి. గౌరమ్మ పాటలు, ధర్మాంగదుడి కథ, సీతమ్మ కష్టాలు, పుట్టింటి నుంచి అన్న రావడం, ఇవన్నీ మూటలో వచ్చాయి. అయితే ఊరు మారాక సరుకూ మారింది. తంగేడు, గునుగు చాలినంత దొరకని చోట బంతీ చామంతీ పెట్టి బతుకమ్మను పేర్చుకున్నట్టే, పాటలో కూడా చేతికి దొరికింది పెట్టారు. సూతు ధర, కరెంటు కోత, రాత్రి పాళీ, కిరాయి ఖోలీ, ఊరికి పోయే బండి, అన్నీ ఉయ్యాలో ముందుకు వచ్చి కూర్చున్నాయి.

ఒక ఉదాహరణ ఇస్తాను. 2016 నవంబరులో పెద్ద నోట్లు రద్దయ్యాయి. 2017 జూలైలో జీఎస్టీ వచ్చింది. ఆ ఏడు సద్దుల నాడు మా గల్లీలో అరవై దాటిన ఒక అవ్వ పాట ఎత్తుకుంది. మొదటి పాదంలో బ్యాంకు ముందు జనాన్ని వరుసకట్టించింది. రెండో పాదంలో ఆ వరుసకు గౌరమ్మ చేత మంచినీళ్ళు తాగించింది. మూడో పాదంలో గౌరమ్మనే తీసుకుపోయి వరుసలో నిలబెట్టి, తల్లీ నీ ఆధార్ కార్డు ఏదమ్మా అని అడిగించింది. వలయానికి నవ్వు ఆగక ఉయ్యాలో అనడం తప్పింది. ఆ నెలల్లో కౌంటరుకు ఇవతలి పక్క కూర్చున్నవాణ్ణి గనుక నాకు ఆ పాదాలు ఇంకాస్త గట్టిగా తగిలాయి.

ఆ మూడు పాదాల నిర్మాణం చూడండి. మొదటిది అందరూ చూసిన దృశ్యం. రెండోది పాత పాటల్లోని దయగల తల్లిని ఆ దృశ్యంలోకి తేవడం. మూడోది ఆ తల్లినే మన గతికి దించడం. నోట్ల రద్దు మీద నేను చదివిన వ్యాసాలకు దొరకని క్లుప్తత అది. అవ్వకు అక్షరాలు రావు. ఆమెకు ఉన్నదల్లా చివర ఏ మాట వస్తుందో ముందే తెలిసిన ఒక చట్రం, తిరిగి పలికే నలభై గొంతులు. పడుగు సిద్ధంగా ఉంది. ఆమె పేక వేసింది.

చదువుకున్నవాళ్ళకు ఈ పద్ధతి తెలియనిది కాదు. అవధానంలో పృచ్ఛకుడు అర్థం పొసగని పాదం ఒకటి ఇస్తాడు. అవధాని తక్కిన మూడు పాదాలు కట్టి దాన్ని పొసగేలా చేస్తాడు. దాన్ని సమస్యాపూరణం అంటున్నాం. దత్తపదిలో మాటలు ఇచ్చి వాటిని ఇమడ్చమంటారు. నిషిద్ధాక్షరిలో అడుగడుగునా ఈ అక్షరం వద్దంటారు. అడ్డం వేయడం వల్లనే ప్రతిభ బయటపడుతుందని తిరుపతి వెంకట కవులు ఊరూరా తిరిగి రుజువు చేశారు. కానీ అష్టావధానంలో అడిగేవారు ఎనిమిది మంది, కట్టేవాడు ఒక్కడు, తక్కినవారంతా శ్రోతలు. బతుకమ్మ వలయంలో శ్రోతలే లేరు. ఛందస్సు రానివాడు అవధాని కాలేడు. ఇక్కడ చప్పట్టు తప్పకుండా పడితే చాలు.

ఇరుకైన చోట ప్రయోగం చేయవచ్చునని శాస్త్రీయ సంగీతంలో చూపించినవారు మన మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016). రాగానికి కనీసం ఐదు స్వరాలైనా ఉండాలన్న అభిప్రాయాన్ని పక్కకు పెట్టి ఆయన ‘మహతి’, ‘లవంగి’ రాగాలను నాలుగేసి స్వరాలతో, ‘సర్వశ్రీ’ని మూడే స్వరాలతో చేసి పాడారు. వీణ ఎస్. బాలచందర్ వంటి విద్వాంసులు దీన్ని గట్టిగా ఆక్షేపించారు. ఆ వాదంలో ఎవరిది పైచేయి అన్నది నా విషయం కాదు. స్వరాలు తగ్గితే పాట పేదదవుతుందన్న లెక్క తప్పని మాత్రం ఆ రాగాలు విన్నవారికి తెలుస్తుంది. మన ఆడవాళ్ళ పాటను ‘ఒకటే రాగం, ఒకటే సాగదీత’ అని వెక్కిరించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

దూరదేశం నుంచి ఇంకొకటి. 1964లో అమెరికాలో టెర్రీ రైలీ అనే సంగీతకారుడు ‘ఇన్ సి’ అనే రచన చేశాడు. అందులో ఉన్నవి 53 చిన్న స్వరఖండికలు. వాయించేవారు ఎందరైనా ఉండవచ్చు. ఎవరికి వారు ఒక్కొక్క ఖండికను తోచినన్నిసార్లు వాయించి తరువాతిదానికి వెళ్ళవచ్చు. ఆగకుండా కొట్టే ఒకే స్వరపు లయ అందరినీ కలిపి ఉంచుతుంది. ఇరవయ్యో శతాబ్దపు సంగీతంలో దాన్ని ఒక మలుపుగా లెక్కిస్తారు. పాశ్చాత్యుడు చేశాడు గనుక మనది గొప్పదని చెప్పడానికి దీన్ని ఎత్తలేదు. ఒక చిన్న చట్రం, ఒక లయ, ఒక గుంపు ఉంటే సంగీతం పుడుతుందని అక్కడా ఒకరు కనిపెట్టారని చెప్పడానికే. రైలీ ఖండికలు కాగితం మీద ఖాయంగా ఉన్నాయి. మన పాదాలకు ఆ కట్టుబాటు కూడా లేదు.

ఇక ఇప్పటి సంగతి. మండళ్ళు పందిరి వేసి డీజే బాక్సులు పెడుతున్నాయి. పాట యంత్రంలోంచి వస్తుంది. ఆడవాళ్ళు చుట్టూ తిరుగుతారు. నోళ్ళు మూసుకునే ఉంటాయి. ఆ బాక్సుల్లోంచి వచ్చే పాటలన్నీ చెడ్డవని నేను అనను. 2021లో తెలంగాణ జాగృతి తరఫున మిట్టపల్లి సురేందర్ రాయగా ఏ.ఆర్. రెహమాన్ స్వరపరచిన ‘అల్లిపూల వెన్నెల’ వచ్చింది. 2023లో ‘కిసీ కా భాయ్ కిసీ కీ జాన్’ అనే హిందీ సినిమాలో బతుకమ్మ పాట పెట్టారు. మన పిల్లలు మరాఠీ, ఉర్దూ మాట్లాడే స్నేహితుల ముందు ఇది మా పండుగే అని తలెత్తుకుని చెప్పుకున్నారు. పరాయి రాష్ట్రంలో పుట్టి పెరిగే పిల్లలకు అది చిన్న సంగతి కాదు. రెహమాన్ పాట వినసొంపుగా ఉంది. పండుగ వెలుగును బాణీలోకి తెచ్చింది.

అయినా విమర్శ అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ పాట విన్నామె తరువాతి పాదం కట్టగలదా? ఆ వీలు ఆ పాటలో లేదు. చరణాలు ముందే నిండిపోయాయి. ఖాళీలను వాయిద్యాలు పూడ్చేశాయి. మకుటం వచ్చినా అది అలంకారంగా వస్తుంది తప్ప గడువుగా రాదు. వినడానికి చేసిన పాటగా దానికి ఎక్కువ మార్కులే వేస్తాను. వలయంలో పెట్టడానికి మాత్రం అది పనికిరాదు. ఎవరో చేసిన ప్రయోగం పూర్తయి మన ముందుకు వచ్చింది. మనం చేయవలసింది ఏమీ మిగల్లేదు.

దీనివల్ల పోయేది సంగీతం ఒక్కటే కాదు. పాత పాటల్లో కోడలికి అణకువ నేర్పే పాదాలు బోలెడు. వాటిని నేను మెచ్చుకోలేను. కానీ వలయంలో ఆ పాదానికి బదులు చెప్పే వీలుంది. అత్త ఒక పాదం విసిరితే, అదే మకుటం పట్టుకుని కోడలు ఇంకొకటి విసరవచ్చు. ఇంట్లో అంటే గొడవయ్యే మాట అక్కడ అంటే నవ్వవుతుంది. రోజంతా బీడీలు చుట్టి, కండెలు చుట్టి, ఇంటి పని చేసే ఆడదానికి నలుగురి ముందు సొంతమాట చెప్పుకునే చోటు ఏడాదిలో ఇదొక్కటే. బాక్సు పాటకు ఎవరూ ఎదురుపాట కట్టలేరు. అది వినిపించుకోదు.

డీజేను సమర్థించేవారి వాదం కూడా న్యాయంగా చూడాలి. ఆడపిల్లలు మరాఠీలో, ఇంగ్లీషులో చదువుతున్నారు, పాత మాటలు వాళ్ళకు తెలియవు, బాక్సు వల్లనైనా తెలుగు చెవిన పడుతోంది అంటారు. నిజమే. వందలమంది చేరిన చోట ఒక గొంతు ఎవరికి వినిపిస్తుంది అంటారు. అదీ నిజమే. అయితే వందలమంది ఒకే వలయంగా ఎందుకు ఉండాలి? పాతిక మందికి ఒక వలయం చొప్పున గల్లీ పొడుగునా ఆడుకున్న రోజులు చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. ఆ గల్లీల్లో సాంచాలు అప్పుడూ మోగుతూనే ఉన్నాయి.

పాటలు పుస్తకాల్లో భద్రంగా ఉన్నాయి కదా అనేవారికి ఒక మాట. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ వంటి గ్రంథాలకు మనం ఎంతో రుణపడి ఉన్నాం. కానీ పుస్తకం పాదాన్ని దాచగలదు గాని, పాదానికీ పాదానికీ మధ్యనున్న ఆ రెండు క్షణాలను దాచలేదు. పుస్తకం చదివి ఎవరూ ఆ నేర్పు తెచ్చుకోలేదు. తప్పు పాదం అని, నవ్వులపాలై, మళ్ళీ అంటేనే అది వస్తుంది.

అందుకని మండళ్ళకు నా మనవి ఇది. తొమ్మిది రోజుల్లో ఒక్క సాయంత్రం, ఒక్క గంట బాక్సులు కట్టేయండి. చిన్న చిన్న వలయాలు చేయండి. ఒక్కో వలయానికి ఒక మాట ఇవ్వండి. కిరాయి కావచ్చు, లోకల్ బండి కావచ్చు, సెల్‌ఫోన్ కావచ్చు. దత్తపది పండితుల సొత్తేమీ కాదు. ఆడపిల్లకు తెలుగు మాట తట్టకపోతే మరాఠీ మాట పెట్టనివ్వండి. చివర ఉయ్యాలో ఉంటే అది మన పాటే. పెద్దవాళ్ళు తప్పులు దిద్దకుండా తిరిగి అంటే చాలు, ఆ పిల్లకు కావలసిన గడువు దొరుకుతుంది. ఈ పత్రిక కూడా దసరాకు ముందు నెల సంచికలో ఆ మాటలు అచ్చువేసి, తరువాతి నెలలో వచ్చిన పాదాలు అచ్చువేస్తే బాగుంటుంది. మొదటి ఏడు మంచి పాదాలు నాలుగైదే రావచ్చు. ఆ నాలుగైదు కట్టినవాళ్ళు మరుసటి ఏడు పాట ఎత్తుకుంటారు.