ఒక యేటి చదువు

సంవత్సరాంతమున తాము చదివిన గ్రంథముల సంఖ్యను ప్రకటించుట యీ నడుమ చదువరులలో నొక యాచారముగా బలిసినది. ఒకరు ఏబది యన్నచో మఱియొకరు నూఱందురు. ధాన్యమును కుంచముతో కొలువవచ్చును గాని, దానిని తిన్నవాని బలమును కుంచముతో కొలువరాదు. చదువునకును ఇదియే న్యాయము. గడచిన యేట నా చేతికి వచ్చిన పుస్తకములు పెక్కు కలవు. వానిలో ముగ్గురి రచనలను మాత్రమే యిష్టగ్రంథములని చెప్పదలచితిని. అవి యేల యిష్టమయ్యెనో, వానిలోని కొఱత లెట్టివో విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము. ఇష్టమైనదానియందు దోషము చూపరాదను మర్యాద చుట్టఱికమునకు తగును, విమర్శకు తగదు.

ఉన్న తావును బట్టి చదువరి యడుగు ప్రశ్న మారును. నేనుండునది బొల్లారము. సికింద్రాబాదునకు ఉత్తరముననున్న పాత దండు ప్రదేశమిది. 1860లో కట్టబడి, ఒకప్పుడు బ్రిటిషు రెసిడెంటునకు విడిదియై, నేడు రాష్ట్రపతి నిలయమని పిలువబడుచున్న భవనము ఇక్కడనే కలదు. ఇట్టి తావుల చరిత్రలలో దొరల పేర్లు, పటాలముల పేర్లు, మేడలు కట్టిన సంవత్సరములు దొరకును. ఆ మేడలలో వంట చేసినవారు, గుఱ్ఱములను తోమినవారు, బట్టలుతికినవారు, పంకా లాగినవారు మాత్రము కానరారు. కావున ఏ గ్రంథము తెఱచినను, ఇందులో నెవరికి ప్రవేశము కలిగినది, ఎవరు గడపకు వెలుపల నిలిచిరి అని యడుగుట నాకు అలవాటైనది.

మొదటిది సురవరము ప్రతాపరెడ్డిగారి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’. ఇది 1949లో వెలువడినది. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకిచ్చిన మొట్టమొదటి పురస్కారము 1955లో దీనికే లభించినది. అప్పటికి గ్రంథకర్త గతించి రెండేండ్లయినది. రాజుల వంశావళులను ప్రక్కకు పెట్టి, జనులు ఏమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి అని యడిగిన గ్రంథమిది. రెడ్డిగారు పిలిచిన సాక్షులు కావ్యములు. పండితారాధ్య చరిత్రము, క్రీడాభిరామము, శుకసప్తతి, హంసవింశతి మొదలగువానిలో పండితులు రసాలంకారములను వెదకిరి. ఈయన పిండివంటలను, సంతలను, జూదములను, వేషములను వెదకిరి. పెద్దలు పిల్లల కంటబడకుండ దాచిన శృంగారకావ్యము సైతము ఈయన చేతిలో చరిత్రకు సాక్షి యైనది. చదువుట యనగా నేమో ఇంత స్పష్టముగా నాకు చూపిన గ్రంథము ఈ యేట మఱియొకటి లేదు.

కాని యా సాక్షులెవరు? చాలవఱకు పురుషులు, అందును పలువురు ఒకరి యాశ్రయమున బ్రదికిన కవులు. కూలివాడు కవి కంటబడినప్పుడే మన కంటబడును. స్త్రీ పురుషుని పద్యమునుండియే పలుకును. ఇది రెడ్డిగారి దోషము కాదు, వారికి దొరకిన సామగ్రి దోషము. అయినను దోషము దోషమే.

ఆ కొఱతయే నన్ను భండారు అచ్చమాంబగారి కథలకు నడపినది. ఈమె కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారి యక్క. తమ్ముడు చదువుకొనుచుండగా ఆ చదువు నీడన తానును అక్షరములు నేర్చి, పిమ్మట ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ యను స్త్రీల చరిత్రమును వ్రాసిరి. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే గతించిరి. 1902లో వెలువడిన ఈమె ‘ధనత్రయోదశి’లో పండుగనాటి లేమి యొక పేద గుమాస్తాను అన్యాయపు సొమ్మువైపు లాగును. భార్య యా సొమ్మును ఒల్లక మగనిని దారికి తెచ్చును. ఇచట స్త్రీ యెవరి వర్ణనకును వస్తువు కాదు. ఇంటి ధర్మమును నిర్ణయించునది ఆమెయే. ఇది గొప్ప ప్రవేశము. అయితే ఆ యిల్లాలు బుద్ధులు చెప్పుటలో ఒక్కమాఱును తడబడదు. నెలయంతయు కష్టపడిన గుమాస్తాకు పండుగపూట చేతిలో ఏల చిల్లిగవ్వ లేకపోయెనను ప్రశ్నను కథ తాకదు. నీతి పేదవాని వంతు, లాభము యజమాని వంతు అయినచో, ఆ నీతి సగమే.

తక్కిన సగము నడిగినది వట్టికోట ఆళ్వారుస్వామిగారి ‘ప్రజల మనిషి’. ఈయన వంటపని చేసి, హోటలులో పని చేసి, 1938లో సికింద్రాబాదున దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకముల మూటను తామే మోసికొని ఊరూర నమ్మినవారు. బొల్లారము మీదుగా పోవు రైలుదారి నిజామాబాదునకు చేరును. అక్కడి జైలుగోడలపై దాశరథి బొగ్గుతో పద్యములు వ్రాసిననాడు తోడి ఖైదీ యీయనయే. 1949లో వచ్చిన ‘అగ్నిధార’ ఈయనకే యంకితమైనది. ‘ప్రజల మనిషి’లో వెట్టి యనునది మాట కాదు, వీపుమీది బరువు. అయినను వాదము కథకంటె ముందు నడచిన తావులు కలవు. నాయకుడగు కంఠీరవుని గౌరవింతుము గాని, అతనితో కలిసి సందేహపడలేము. ఈయన ‘జైలు లోపల’ కథలలోని మామూలు ఖైదీలే నాకు మఱింత దగ్గఱివారుగా తోచిరి. వారు ఆదర్శములు కారు. పరిస్థితులు వంచిన మనుష్యులు.

ఈ ముగ్గురిలో ఎవరు గొప్ప యని తూచుట నా పని కాదు. ఒక గ్రంథము విడిచిన చోట మఱియొకటి యందుకొన్నది. సాంఘిక చరిత్ర వినలేకపోయిన గొంతు అచ్చమాంబగారి కథలో వినబడినది. ఆమె యడుగని ప్రశ్నను ఆళ్వారుస్వామిగారు అడిగిరి. గ్రంథములు ఒకదానిని మఱియొకటి దిద్దును. ఒక్క యిష్టగ్రంథమునే పట్టుకొని కూర్చున్నవాడు ఆ దిద్దుబాటును కోల్పోవును. ఏటి చదువునకు విలువ సంఖ్యలో లేదు. ఒక పుస్తకపు కొఱత మఱియొక పుస్తకమునకు త్రోవ చూపుటలో నున్నది.

ఆ త్రోవ పుస్తకములతో ముగియదు. దండులో వంటవాండ్రై, చాకళ్లై, మాలీలై బ్రదికినవారి మనుమలు, మునిమనుమలు ఈ వాడలలో నేటికిని కలరు. తాతలు చెప్పగా విన్న మాటలు వారి నోట ఇంకను మిగిలియున్నవి, ఏటేట తఱుగుచున్నవి. కావ్యములనుండి పిండివంటల నేరిన రెడ్డిగారి శ్రద్ధలో పదియవ వంతుతోనైనను మనమా మాటలను వ్రాసికొన్నచో, రాబోవు చదువరికి మేడల చరిత్రయే గాక మేడలను మోసినవారి చరిత్రయు దొరకును. చదివినవాడు చేయవలసిన తరువాతి పని యిదియే. ముసలివారు పోయిన పిదప దానిని చేయ వీలుపడదు.