"అది సరే గానీ" అనే హక్కు ఎవరిది?

తెనాలి నుంచి బాపట్ల పోయే పాసింజరులోనో, వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లె పోయే బండిలోనో కూర్చుని పదిమంది మాటలు వినండి. విషయం మార్చేటప్పుడు మనవాళ్ళు చెప్పి మారుస్తారు. "అదట్టా ఉంచు గానీ" అంటారు. "ఔను గానీ, మీ చిన్నోడి సంగతేమైంది?" అంటారు. ఇష్టం లేకపోతే అవతలివాడు "ఉండవయ్యా, నన్ను చెప్పనీ" అని ఆపేస్తాడు. మార్చే హక్కూ ఆపే హక్కూ ఇద్దరికీ ఉన్నాయి. బండిలో ఈ మాటలకు యజమాని లేడు. టీవీ చర్చలో ఉన్నాడు.

ఈ చిన్న మాటల్ని వ్యాకరణాలు అవ్యయాలని పక్కన పెట్టాయి. కానీ పనంతా చేసేది ఇవే. "అది సరే గానీ" తీసుకోండి. "సరే" అనగానే నువ్వు చెప్పింది ఒప్పుకున్నట్టు కనపడుతుంది. "గానీ" ఆ ఒప్పుకోలును అక్కడికక్కడే రద్దు చేస్తుంది. జవాబు చెప్పాల్సిన పని తప్పిపోయింది. "అన్నట్టు" వేరు. అప్పుడే గుర్తొచ్చినట్టు నటిస్తుంది. ఇంగ్లీషులో దీనికి దగ్గరి మాటను షెగ్లాఫ్, హార్వీ శాక్స్ 1973లో పరిశీలించి, చోటు తప్పి వచ్చిన మాటకు ముందే పెట్టుకునే గుర్తు అన్నారు. వీటన్నిట్లోకీ గడుసుది "ఇంతకీ". ఇప్పటిదాకా నువ్వు నడిచింది పక్కదారి, నేను అడగబోయేదే అసలు దారి అని అది తీర్పు చెబుతుంది. విషయాల మధ్య ఎక్కువ తక్కువలు పెట్టే మాట ఇది. మనకు తెలిసిన వ్యవహారమే!

చుండూరు సంగతి చూద్దాం. తెనాలి, బాపట్ల మధ్య మెయిన్ లైను మీది స్టేషను అది. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అప్పటికి తెలుగులో దూరదర్శన్ తప్ప ఇంకో ఛానల్ లేదు. ఈటీవీ, జెమినీ 1995లో వచ్చాయి. వాటి తర్వాత ఇరవై నాలుగ్గంటల వార్తలు, సాయంకాలం చర్చలు. ఘటన జరిగిన ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టి, 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది.

ఇలాంటి తీర్పుల మీద జరిగే చర్చల్లో ఒక వరస ఉంది. పేర్లు అక్కర్లేదు, ఏ ఛానల్ పెట్టినా అదే. దళిత వక్త చంపిన తీరు చెబుతుంటాడు. యాంకరు "రైట్... చాలా బాధాకరం. ఇంతకీ గొడవ ఎక్కడ మొదలైంది?" అంటాడు. అంతే. సినిమా హాల్లో కాలు తగిలిన సంగతి అసలు విషయమైపోయింది. ఎనిమిది చావులు దానికి కొనసాగింపు అయ్యాయి. బాధలు చెప్పుకునే మాటల నుంచి జనం మెల్లగా, మెట్టు మెట్టుగా వేరే విషయంలోకి ఎట్లా జారతారో గెయిల్ జెఫర్సన్ 1984లో రాసింది. మన స్టూడియోలో ఆ మెట్లు కూడా ఉండవు. "బాధాకరం" ఒక్కటే మెట్టు, దాని కింద గొయ్యి.

పక్క కుర్చీలో పెద్దకులం పెద్దమనిషి మాట్లాడితే యాంకరు "మీరన్నట్టు" అని అందుకుంటాడు. "అన్నట్టు" అదే మాట, ముందు "మీరు" చేరేసరికి దాని బుద్ధి మారింది. ఆయన మాట తర్వాతి ప్రశ్నకు పునాది అవుతుంది. మనవాడి మాటేమో దాటేసే గుంట. నోట్సు రాసుకునే విద్యార్థులు ఎవరు ఎంతసేపు మాట్లాడారో లెక్కేస్తున్నారు. అది చాలదు. ఎవరి మాట మీద తర్వాతి మాట కట్టారో చూడాలి. నిమిషాలు సమానంగా ఇచ్చి కూడా మోసం చెయ్యొచ్చు.

బ్రేక్ సంగతి ఇంకో రకం. "ఒక చిన్న విరామం" అన్నాక విషయం మార్చింది ఎవరూ కాదు, సబ్బు కంపెనీ! తిరిగొచ్చాక ఆగిన చోటునుంచి మొదలెట్టాలని అడిగే దిక్కు లేదు.

ఆమిర్ ఖాన్ "సత్యమేవ జయతే" 2012 జులై 8న ఎపిసోడ్ మొత్తం అంటరానితనానికి ఇచ్చింది. కోలార్ బంగారు గనుల్లో తెలుగు కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ అందులో పాకీపని గురించి మాట్లాడాడు. మధ్యలో "అది సరే గానీ" అన్నవాళ్ళు లేరు. మంచిదే. మరుసటి ఆదివారం ఇంకో సమస్య. అక్కడ విషయం మార్చింది క్యాలెండరు.

మనవాళ్ళ పొరపాటూ ఒకటి చెప్పుకోవాలి. దొరక్క దొరక్క మైకు దొరికిందని కారంచేడు, చుండూరు, రిజర్వేషన్లు, భూమి అన్నీ ఒక్క ఊపులో చెప్పేస్తారు. ఆ ఆత్రం నాకు అర్థమవుతుంది. కానీ యాంకరుకు కావాల్సింది అదే. నాలుగు తోకల్లో మెత్తటిది పట్టుకుని లాగుతాడు. పైగా అడిగిన ప్రతిదానికీ మర్యాదగా జవాబిస్తారు. జవాబివ్వడమంటే మార్పును ఒప్పుకోవడమే. "అది తర్వాత చెప్తా, ముందు చంపింది ఎవరో మాట్లాడదాం" అంటే మైకు కట్ చేస్తారేమో. చెయ్యనీండి. కట్ చేసినట్టు చూసేవాళ్ళకు తెలుస్తుంది.

తెనాలిలో ఒక టీకొట్టు దగ్గర ఇట్లాంటి చర్చే నడుస్తుంటే నిలబడి చూశాను. యాంకరు "ఇంతకీ" అన్నాడు, అవతలి మనిషి అందుకున్నాడు. గ్లాసులు కడుగుతున్న ముసలామె తలెత్తి టీవీని గదిమింది: "ఆ పిల్లోడింకా చెప్తానే ఉండాడు గదయ్యా!"