గాలం పట్టిన నఖోదా: తాలిబ్ అల్‌రిఫాయీ ‘అల్‌నజ్దీ’ నవలలో స్నేహం

ఒడ్డున ఇద్దరు మిత్రులు గాలాలు వేసుకొని కబుర్లాడుకోవడం ఆంగ్ల సాహిత్యంలో మూడున్నర శతాబ్దాలుగా స్థిరపడిన సన్నివేశం. ఐజాక్ వాల్టన్ 1653లో ప్రచురించిన ‘ద కంప్లీట్ యాంగ్లర్’ పేరుకు చేపలవేట నేర్పే పుస్తకం. చదవబోతే అందులో సగానికి సగం సంభాషణ, నడక, భోజనం, పాట. 1676 నాటి ఐదవ ముద్రణకు చార్లెస్ కాటన్ రెండవ భాగం రాసి జతచేశాడు. ఈకలూ దారమూ కలిపి కట్టిన కృత్రిమ కీటకాన్ని నీటిమీదికి విసిరి ట్రౌట్ చేపను మభ్యపెట్టే ఫ్లై ఫిషింగ్ విద్యకు ఆ భాగం తొలినాటి ఆకరాలలో ఒకటి. వాల్టన్ కంటే కాటన్ ముప్పై ఏడేళ్ళు చిన్నవాడు. డవ్ నది ఒడ్డున 1674లో తాను కట్టించుకున్న విడిదింటి గుమ్మంపై ఇద్దరి పేర్ల తొలి అక్షరాలనూ పెనవేసి చెక్కించాడు. మూడు శతాబ్దాల తర్వాత నార్మన్ మెక్లీన్ రాసిన ‘ఎ రివర్ రన్స్ త్రూ ఇట్’ (1976)లోనూ, మాటలతో దగ్గర కాలేని అన్నదమ్ములను కలిపేది ఫ్లై ఫిషింగే.

ఈ సంప్రదాయం పైకి చెప్పని షరతులు రెండున్నాయి. ఒకటి తీరిక: చేప పడకపోయినా ఆ పూట భోజనానికి లోటుండదు. రెండవది సమానత: పక్కనున్నవాడు మనకు బాకీ పడినవాడు కాడు, మనం అతనికి పడలేదు. చేపలవేట జీవనోపాధి అయినచోట ఈ రెండూ అరుదు. కనుక వేటలోని స్నేహాన్ని గురించి రాసిన ఏ రచననైనా, ఆ తీరిక ఎక్కడినుంచి వచ్చిందని అడగవలసి ఉంటుంది.

కువైత్‌లో నదులు లేవు. అక్కడ ఈ సన్నివేశం సముద్రంమీద జరుగుతుంది. సరదాగా గాలం వేయడాన్ని కువైతీలు ‘హదాక్’ అంటారు. చిన్న పడవ, ఇద్దరు ముగ్గురు మిత్రులు, అదృష్టం బాగుంటే హమూర్ చేప. 2017లో అరబిక్‌లో వెలువడి, తర్వాత ‘ద మారినర్’ పేరిట ఆంగ్లంలోకి వచ్చిన తాలిబ్ అల్‌రిఫాయీ నవల ‘అల్‌నజ్దీ’కి చట్రం అలాంటి ఒక విహారమే. కథానాయకుడు కల్పితుడు కాడు. అలీ బిన్ నాసిర్ అల్‌నజ్దీ కువైత్ ఓడలను నడిపిన చివరి తరం నఖోదాలలో పేరుమోసినవాడు. 1979 ఫిబ్రవరిలో, సుమారు డెబ్బై ఏళ్ళ వయసులో, మిత్రులతో చేపలవేటకు వెళ్ళి తుఫానులో చిక్కుకొని మరణించాడు. నవల ఆ ఒక్క రోజుది. అతని గొంతులోనే నడుస్తూ, మధ్యమధ్య బాల్యంలోకి, ముత్యాల వేటలోకి, పాత వాణిజ్య యాత్రల్లోకి జారుకుంటుంది.

అల్‌నజ్దీని ప్రపంచానికి పరిచయం చేసింది ఆస్ట్రేలియా నావికుడు అలన్ విలియర్స్. 1938 డిసెంబరులో ఏడెన్ రేవులో ‘బయాన్’ అనే ఓడ ఎక్కి, జాంజిబార్, రుఫీజీ డెల్టాల మీదుగా 1939 వేసవికి కువైత్ చేరాడు. ఆ యాత్రను ‘సన్స్ ఆఫ్ సింద్‌బాద్’ (1940)గా రాశాడు. ఓడ నఖోదా అల్‌నజ్దీకి అప్పటికి ముప్పై ఏళ్ళుంటాయేమో. అతని నౌకా నైపుణ్యాన్ని విలియర్స్ మెచ్చుకుంటాడు, అతనిమీద కలిగిన చిరాకునూ దాచుకోడు. అంతకంటే ముఖ్యం, ఓడలోని లెక్కలు చూస్తాడు. నావికులకు జీతం లేదు, యాత్ర లాభంలో వాటా మాత్రమే. వాటా చేతికందేలోగా తీసుకున్న బయానా అప్పుగా పేరుకుంటుంది. నావికుడు నఖోదాకు బాకీ, నఖోదా వర్తకుడికి బాకీ. ముత్యాల వేటలో ఈ గొలుసు ఇంకా బిగువు. వీసా కోసం వడ్డీకి తెచ్చి కువైత్ విమానమెక్కిన రాజంపేట, రాయచోటి మనుషులను ఎరిగినవారికి దీనికి వేరే వ్యాఖ్యానం అక్కరలేదు. ఒకప్పుడు కువైతీలే అప్పు నెత్తిన పెట్టుకొని, ఏడాదిలో ఎక్కువ నెలలు ఇల్లు వదిలి పోయేవారు.

బుర్గాన్‌లో చమురు బయటపడింది కూడా 1938లోనే. 1946లో ఎగుమతి మొదలైంది, కొద్దికాలంలోనే తెరచాప ఓడల కాలం ముగిసింది. అల్‌రిఫాయీ దీన్ని నష్టంగానే చూపుతాడు. సముద్రం పిలుస్తుంది, ముసలి నఖోదా పలుకుతాడు. పాత బంధం మళ్ళీ కలుస్తుంది, కలిసిన చోటే తెగిపోతుంది. ఈ విషాదం నవలలో నిజంగా పండింది. మునిగిపోతున్న మనిషి ఎవరికి కథ చెబుతున్నాడన్న ప్రశ్న పాఠకుడికి రానివ్వకపోవడం చిన్న విద్య కాదు.

అయితే విలియర్స్‌ను పక్కన పెట్టుకొని చదివితే మరొకటి కనిపిస్తుంది. బయాన్ మీద అల్‌నజ్దీ నఖోదా. చుట్టూ ఉన్నవారు అతని చేతికింది మనుషులు, చాలామంది బాకీదారులు. అక్కడ విధేయత ఉంటుంది, అభిమానమూ ఉండవచ్చు. వాల్టన్, కాటన్‌ల మధ్య ఉన్నది మాత్రం కుదరదు. చివరి పడవలోనివారు అతని స్నేహితులు. ఆ సమానతను ఇచ్చింది అతని వృత్తిని మింగిన చమురే. చమురు సముద్రాన్ని తీసుకుపోయిందని నవల ఎన్నో విధాల చెబుతుంది, స్నేహానికి చోటిచ్చిందని గమనించదు. గమనించి ఉంటే ఆ తుఫాను మరింత క్రూరంగా తోచేది.

ఖాలిద్ అల్‌సిద్దీక్ తీసిన ‘బస్ యా బహర్’ (1972)లో ఇలాంటి మెత్తదనం లేదు. కువైత్ తొలి కథాచిత్రమైన అందులో కొడుకు ముత్యాల వేటలో చనిపోతే, అతను తెచ్చిన ముత్యాన్ని తల్లి తిరిగి సముద్రంలోకి విసిరేస్తుంది. ఆ పేరుకు అర్థమే ‘ఇక చాలు, సముద్రమా’. ఆ తల్లిని ‘హదాక్‌కు వస్తావా’ అని అడగగలమా?

అల్‌రిఫాయీకి ఇది తెలియక కాదు. సివిల్ ఇంజినీరుగా నిర్మాణరంగంలో పనిచేసిన మనిషి. ‘జిల్ అల్‌షమ్స్’ (1998) నవలలో, డబ్బు కోసం కువైత్ వచ్చి నలిగిపోయిన ఒక ఈజిప్టు ఉపాధ్యాయుడి కథ రాశాడు. వలస కూలీ బాకీని అంత దగ్గరగా చూసిన కలం, సొంత పూర్వీకుల ఓడ దగ్గరికి వచ్చేసరికి లెక్కల పుస్తకాన్ని కాస్త పక్కకు జరిపిందని నా అనుమానం. స్మృతి అందరిచేతా చేయించే పని అది. మన కోరంగి ఓడలను తలుచుకునేటప్పుడు మనకు ముందు గుర్తొచ్చేవి కూడా తెరచాపలే, కళాసీల కూలి కాదు.

బయాన్ నావికులలో కొందరైనా 1979 దాకా బతికే ఉండి ఉంటారు. వారిలో ఒకరు చేపల బజారులో తన పాత నఖోదాకు ఎదురుపడితే ముందు సలాము చేస్తాడా, పాత బాకీ గుర్తుకొచ్చి పక్కకు తప్పుకుంటాడా, లేక ‘పడవలో నాకూ చోటుందా’ అని అడుగుతాడా? ఆ సన్నివేశం నవలలో లేదు.